రోమన్ చక్రవర్తి తల ఉన్న ఎఫెసస్ కంచు నాణెం మీద గ్రీకు అక్షరాలు ఎందుకున్నాయి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఆన్‌లైన్ వేలంలో ఒక కంచు నాణెం కొన్నారు. వెడల్పు 29 మిల్లీమీటర్లు, బరువు 11 గ్రాముల పైచిలుకు. ఒకవైపు ఆకుల దండ పెట్టుకున్న కుర్రవాడి తల. రెండోవైపు నిటారుగా నిలబడ్డ దేవత, ఆమెకు అటూ ఇటూ రెండు జింకలు. అమ్మినవాళ్ళు 'రోమన్, మూడో గోర్డియన్, ఎఫెసస్' అని మాత్రం రాసి వదిలేశారు. రోమన్ నాణెమైతే లాటిన్ కదా ఉండాలి, గ్రీకు ఎందుకుంది? ఊరు సొంతంగా నాణేలు వేస్తుంటే రోమ్ ఎలా ఊరుకుంది? మధ్యలో ఉన్న చిన్న గుంట వల్ల నాణెం పాడైనట్టా? దీన్ని తోముకోవచ్చా?

ముందు నేరుగా జవాబు చెప్తాను. మీ దగ్గరున్నది రోమ్ వేసిన నాణెం కాదు. రోమ్ ఏలుబడిలో ఉన్న ఎఫెసస్ అనే గ్రీకు నగరం తన పేరు మీద, తన బజారు చిల్లర కోసం వేయించుకున్న నాణెం. బొమ్మ వైపు చక్రవర్తి ఉంటాడు. బొరుసు వైపు మాత్రం పూర్తిగా ఊరిదే. ఫోటోలను బట్టి చూస్తే ఇది 238, 244 మధ్య కాలానిది. గుంట వల్ల వచ్చిన నష్టమేమీ లేదు. తోమడం మాత్రం వద్దు, దయచేసి.

నేను జర్మనీలో ఉంటాను. నాణేల వేలానికి కేటలాగులు రాయడం నా పని. ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఊళ్ళ కంచు నాణేలే ఎక్కువగా నా చేతుల్లోంచి వెళ్ళాయి. బంగారు నాణేల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ కంచు వాటి గురించి కొంచెం వివరంగా రాస్తాను.

రోమ్ ఎలా ఊరుకుంది అన్న ప్రశ్నతో మొదలుపెడదాం. క్రీ.పూ. 133లో పెర్గమోన్ రాజు మూడో అత్తాలోస్ తన రాజ్యాన్ని రోమ్‌కు రాసిచ్చి చనిపోయాడు. అలా ఇప్పటి టర్కీ పడమటి తీరం రోమన్ల 'ఆసియా' రాష్ట్రం అయింది. ఎఫెసస్ అందులో పెద్ద నగరం, గవర్నర్ ఉండే చోటు. రోమ్‌కు పన్ను కావాలి, సైన్యానికి జీతాలు కావాలి. ఆ రెండూ నడిచేది వెండి, బంగారాలతో. అందుకే విలువైన లోహం మీద పట్టు వదల్లేదు. ఎఫెసస్‌లో చక్రవర్తుల పేరున వెండి నాణేలు కూడా పడ్డాయి, కానీ అవి సామ్రాజ్యపు లెక్కలోవి. రొట్టె కొనడానికి, స్నానశాలకు, కూరగాయలకు కావలసిన చిల్లర సంగతి వేరు. రోమ్ నుంచి బండ్లకొద్దీ కంచు మోసుకొచ్చే బదులు, మీ చిల్లర మీరే చూసుకోండి అంటే రోమ్‌కే సుఖం. తూర్పున వందల ఊళ్ళు ఇలా నాణేలు వేసుకున్నాయి. స్పెయిన్, గాల్ లాంటి పడమటి ప్రాంతాల్లో మాత్రం ఈ ఊరి నాణేలు క్లాడియస్ కాలానికే (41–54) ఆగిపోయాయి.

ఊళ్ళకు దీనివల్ల ఏం ఒరిగిందో ఊళ్ళే చెప్పుకున్నాయి. సెస్తోస్ అనే ఊళ్ళో మేనాస్ అనే పెద్దమనిషి గౌరవార్థం చెక్కిన శాసనం ఒకటి దొరికింది. పెర్గమోన్ రాజ్యం రోమ్ చేతికి పోయిన కాలం నాటిది. సొంత కంచు నాణెం వేయడానికి అందులో రెండు కారణాలు రాశారు: ఊరి గుర్తు జనం చేతుల్లో తిరగాలి, దానిమీద వచ్చే ఆదాయం ఊరికే దక్కాలి. పరువు, లాభం రెండూ అన్నమాట. కంచు నాణెంలో లోహం ధర కంటే దాని ముఖ విలువ ఎక్కువ, ఆ తేడా ఊరి ఖజానాకు మిగులుతుంది. ఇంకో రాబడి మారకంలో ఉండేది. పెర్గమోన్‌లో దొరికిన రెండో శతాబ్దపు శాసనం ఒకటి షరాబుల గురించి చెబుతుంది. వర్తకుడికి ఒక వెండి డెనారియస్ ఇవ్వాలంటే షరాబు 18 కంచు అస్సారియాలు తీసుకునేవాడు, అదే డెనారియస్‌ను తిరిగి కొనేటప్పుడు 17 ఇచ్చేవాడు. ఆ ఒక్క అస్సారియన్ దగ్గరే వ్యాపారమంతా.

ఇప్పుడు మీ నాణెం చదువుదాం. నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళకు మొదటి రోజే చెప్పే మాట: ఊరి నాణేన్ని బొరుసు నుంచి చదవండి. చక్రవర్తి ముఖం చూసి 'రోమన్' అని పక్కన పెట్టేస్తే అసలు విషయం పోతుంది.

అక్షరాల దగ్గర అందరూ తడబడే చోట్లు రెండున్నాయి. ఒకటి, రోమన్ కాలపు గ్రీకులో 'స' అక్షరాన్ని ఇంగ్లీషు 'సి' లాగా అర్ధచంద్రాకారంలో రాస్తారు. మీరు రెండో మెసేజ్‌లో 'ఎఫెకియోన్' అని రాసింది అందుకే. అది 'ఎఫెసియోన్', అంటే 'ఎఫెసస్ వాళ్ళది' అని అర్థం. నేను పనిలో చేరిన కొత్తలో ఇదే అక్షరాన్ని 'క' అని చదివి ఒక సంచిలోని నాణేలను అరరోజు తప్పుగా సర్దాను. రెండోది, మీరు 'సుత్తి బొమ్మ' అన్న గీత. అది సుత్తి కాదు, గ్రీకు అక్షరం 'గామా'. గ్రీకులు అంకెలకు కూడా అక్షరాలే వాడేవాళ్ళు: బీటా అంటే 2, గామా అంటే 3, డెల్టా అంటే 4. కాబట్టి మీ బొరుసు మీదున్నది 'ఎఫెసియోన్, 3, నియోకొరోన్'. అంటే 'మూడుసార్లు నియోకొరోస్ అయిన ఎఫెసస్ వాళ్ళది' అని.

ఈ 'నియోకొరోస్' అన్న మాటలోనే ఆ ఊరి గుండె ఉంది. మొదట్లో అది గుడి బాగోగులు చూసే మనిషికి పేరు. మన భాషలో 'ధర్మకర్త' దగ్గరగా ఉంటుందని నాకనిపిస్తుంది. తర్వాత ఒక మనిషికి కాదు, ఊరు మొత్తానికి ఆ పేరు వచ్చింది. తెలుగు బైబిల్ చదివినవాళ్ళకు అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలోని గలాటా గుర్తుండే ఉంటుంది. వెండి గుళ్ళు చేసి అమ్మే దేమేత్రి జనాన్ని రెచ్చగొడతాడు, ఊరంతా నాటకశాలలోకి దూరి అర్తెమిదేవి పేరు అరుస్తుంది. చివరికి 'కరణము' వచ్చి జనాన్ని చల్లబరుస్తాడు. ఈ ఊరు అర్తెమి గుడికి సంరక్షకురాలని ఎవరికి తెలియదు అంటాడు. గ్రీకు మూలంలో అక్కడున్న మాట ఈ నియోకొరోస్సే. ఆ కరణం గ్రీకు పేరు 'గ్రమ్మతెయుస్'. ఆ పదవిలో ఉన్నవాళ్ళ పేర్లు ఎఫెసస్ నాణేల మీద కూడా కనిపిస్తాయి. మొదటిసారి అలాంటి నాణెం చేతిలోకి వచ్చినప్పుడు, చిన్నప్పుడు మా వరంగల్‌లో పక్కింటివాళ్ళు పైకి చదువుతుంటే విన్న కథలోని మనిషి హోదా నా అరచేతిలో ఉందనిపించి చాలాసేపు పని ముట్టలేదు.

కాలక్రమంలో ఆ మాటకు ఇంకో అర్థం పట్టుకుంది: చక్రవర్తి పూజ కోసం రాష్ట్రం మొత్తం తరఫున కట్టిన గుడి ఉన్న ఊరు అని. ఊరు కోరుకుంటే చాలదు, రోమ్ ఒప్పుకోవాలి. ఎఫెసస్ నాణేల మీద ఈ మాట నీరో కాలంలోనే కనిపిస్తుంది. డొమీషియన్ కాలంలో చక్రవర్తుల గుడి వచ్చింది. హేడ్రియన్ కాలంలో రెండోసారి ఆ గౌరవం దక్కింది. మూడోది కారకల్లా హయాంలో. అతను ఆ గౌరవాన్ని తన పేరున వద్దని ఆర్టెమిస్ పేరున ఉంచాడు. ఎలగబలస్ (218–222) నాలుగోది ఇచ్చాడు. అతన్ని చంపేశాక అతని పేరుతో పాటు ఆ నాలుగోదీ పోయింది. తర్వాత నాణేల మీద మళ్ళీ మూడే. వలేరియన్ కాలానికి (253–260) తిరిగి నాలుగు. అందుకే ఒక హెచ్చరిక: అంకె ఎంత పెద్దదైతే నాణెం అంత కొత్తది అనుకోకండి. ఈ లెక్క పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. అంకెను చక్రవర్తి పేరుతో కలిపి చూడాలి. మీ దాంట్లో గోర్డియన్ పేరుంది, మూడు అంకె ఉంది. రెండూ పొసిగాయి. గోర్డియన్ పదమూడేళ్ళకు గద్దెనెక్కి 244లో పోయాడు, అందుకే ముఖం అంత లేతగా ఉంది.

ఈ బిరుదుల కోసం పక్క ఊళ్ళతో పోటీ ఎంత దూరం పోయిందో చెబితే నమ్మరు. ఎఫెసస్, స్మిర్నా, పెర్గమోన్ మూడూ తామే 'ఆసియాలో మొదటివాళ్ళం' అని నాణేల మీద చెక్కించుకున్నాయి. స్మిర్నా వాళ్ళు 'అందంలోనూ పరిమాణంలోనూ' అని తోక తగిలించారు. దానికి ఎఫెసస్ మూడో శతాబ్దంలో కొన్ని నాణేల మీద 'మోనోన్' అన్న మాట చేర్చింది. అంటే 'మొదటివాళ్ళం మేం ఒక్కళ్ళమే' అని. చక్రవర్తి ఆంటోనైనస్ పయస్ దాకా ఫిర్యాదు వెళ్ళింది: స్మిర్నా వాళ్ళు ఒక తీర్మానంలో మా బిరుదులు వదిలేశారు అని. ఆయన రాసిన జవాబు ఎఫెసస్‌లో రాతి మీద చెక్కి ఉంది. అది పొరపాటున జరిగి ఉంటుందనీ, మీరు వాళ్ళ బిరుదులు సరిగ్గా రాస్తే వాళ్ళూ ఇకముందు మీవి సరిగ్గా రాస్తారనీ బుజ్జగించాడు. అధికారమంతా రోమ్ దగ్గరుంది. సొంతంగా యుద్ధం లేదు, సొంత విదేశాంగం లేదు. ఆ ఊళ్ళకు మిగిలింది ఈ పరువే. ఆ పరువుకు చోటు ఇచ్చింది అరచేతిలో ఇమిడే ఈ కంచు బిళ్ళ. నేను వీటిని ఇంతగా ఇష్టపడేది అందుకే.

మళ్ళీ అవే ఊళ్ళు కలిసిపోయినట్టు నాణేలూ వేశాయి. 'హోమోనోయా', ఐకమత్యం అన్న మాటతో రెండు ఊళ్ళ దేవతలు పక్కపక్కన నిలబడతారు. మీ గోర్డియన్ కాలంలోనే ఎఫెసస్, ఈజిప్టులోని అలెగ్జాండ్రియాతో ఇలాంటివి వేసింది.

బొరుసు మీద దేవత ఎఫెసస్ ఆర్టెమిస్. వేటకు పోయే గ్రీకు ఆర్టెమిస్ లాగా ఉండదు. కాళ్ళు బిగించి కట్టిన స్తంభంలా నిలబడి, ఛాతీ మీద వరసలుగా గుండ్రని బుడిపెలతో ఉంటుంది. అవి స్తనాలా, ఎద్దుల వృషణాలా, వేలాడదీసిన ఆభరణాలా అన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్న విషయం. రెండు చేతుల నుంచి నేలదాకా దిగే గీతలు కర్రలు కావు, పూజలో కట్టే ఉన్ని పట్టీలు. నాణెం అరిగితే ముందు పోయేది ముఖం, చివరిదాకా మిగిలేది ఈ రెండు గీతలే. పేరు ఒక్క అక్షరం కూడా కనబడని నాణేలను ఈ గీతలు, జింకలు పట్టుకుని గుర్తించిన రోజులున్నాయి. అయితే ఆసియాలో ఇంకా చాలా ఊళ్ళు ఈ దేవతను తమ నాణేల మీద వేశాయి కాబట్టి, బొమ్మ ఒక్కటే చూసి ఎఫెసస్ అని తేల్చకూడదు.

వేరే రకాలు కొనాలనుకుంటే ఈ ఊరి బొరుసుల్లో వెతుక్కోవడానికి చాలా ఉంది. ఊరు కట్టిన అంద్రోక్లోస్ అడవిపందిని చంపుతూ కనిపిస్తాడు. 'ఒకే నదిలోకి రెండుసార్లు దిగలేం' అన్న మాటతో అందరికీ తెలిసిన హెరాక్లిటస్ ఈ ఊరివాడే, ఆయనా నాణెం మీద నిలబడ్డాడు. ఆంటోనైనస్ పయస్ కాలపు పెద్ద నాణెం మీద జియస్ దేవుడు పియోన్ కొండ మీద వాన కురిపిస్తుంటాడు. నాకైతే మొత్తం ఎఫెసస్ నాణేల్లో అందమైనది అదే. ఏడు వింతల్లో ఒకటైన ఆర్టెమిస్ గుడి కూడా వస్తుంది. కానీ అక్కడ స్తంభాలు లెక్కపెట్టి గుడి ఆకారం చెప్పకండి. అసలు గుడికి ముందు వరసలో ఎనిమిది స్తంభాలు. నాణెం మీద కొన్నిసార్లు ఎనిమిది, కొన్నిసార్లు నాలుగే. మధ్యలో దేవత విగ్రహం కనబడాలని అచ్చు చెక్కేవాడు స్తంభాలు తీసేసేవాడు. చోటు చాలకపోతే ఏది ఉంచాలో వాడికి బాగా తెలుసు.

బొమ్మ వైపు గురించి తక్కువే చెప్తాను. ఒకే చక్రవర్తి అచ్చు రెండు మూడు ఊళ్ళ నాణేల మీద పడటం ఆసియాలో మామూలే. అంటే ప్రతి ఊరికీ పూర్తి టంకశాల ఉండేది కాదు. కొన్ని పనివాళ్ళ బృందాలు చుట్టుపక్కల ఊళ్ళకూ చేసిపెట్టేవి. బొరుసు చెరిగిపోతే బొమ్మ అచ్చును పోల్చి ఏ ప్రాంతానిదో పట్టుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు నడిపే 'రోమన్ ప్రొవిన్షియల్ కాయినేజ్' ఆన్‌లైన్ కేటలాగు ఉచితం. మీ నాణేన్ని అందులో వెతకండి, ఊరి పేరు, చక్రవర్తి పేరు పెడితే చాలు.

రాజకీయం ఈ వైపునే గాయం చేసింది. 211 చివర్లో కారకల్లా తన తమ్ముడు గేటాను చంపించి, అతని ముఖాన్ని ఎక్కడా ఉంచొద్దన్నాడు. కారియాలోని స్ట్రాటోనికేయా నాణేల మీద అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా ఉంటారు. గేటా తలను ఉలితో చెక్కేసి, నాణేన్ని మాత్రం వాడుకలోనే ఉంచారు. పైన చిన్న ముద్రలు కూడా కొట్టారు. మనవాళ్ళకు ఇది కొత్త కాదు. నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో దొరికిన పదమూడు వేల పైచిలుకు వెండి నాణేల్లో, తొమ్మిది వేలకు పైగా క్షత్రప రాజు నహపాణుడి నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. కరిగించకుండా, పాత ముఖం మీదే కొత్త గుర్తు.

ఇక మధ్యలో గుంట. అది దెబ్బ కాదు, రంధ్రం వేయబోయి ఆపేసిందీ కాదు. బిళ్ళను గుండ్రంగా సరిచేసేటప్పుడు మధ్యలో మొన ఆనించిన గుర్తు. తూర్పు ఊళ్ళ కంచు నాణేల మీద ఇది చాలా కనిపిస్తుంది. ఒకే రకం నాణేల మధ్య రెండు మూడు గ్రాముల తేడా ఉండటం కూడా సహజం. కంచు చిల్లరను ఒక్కొక్కటి తూచి వేసేవాళ్ళు కాదు. నకిలీ అనుమానం ఉంటే బరువు కంటే ముందు అంచు చూడండి. అంచు చుట్టూ సన్నని అతుకు గీత గానీ, బొమ్మ, అక్షరాలు లేని ఖాళీ చోటు నిండా సూదిమొన బుడగ గుంటలు గానీ ఉంటే పోతపోసింది. అక్షరాల అంచులు సబ్బులా మెత్తగా ఉన్నా అనుమానించాలి. మీ ఫోటోల్లో అలాంటివి నాకు కనబడలేదు. అంచు ఫోటో మాత్రం మీరు పెట్టలేదు.

శుభ్రం చేయడం గురించి గట్టిగా చెప్పాలి. మన ఇళ్ళలో రాగి, ఇత్తడి అనగానే చేయి చింతపండు వైపు పోతుంది. పూజ సామాను తోమినట్టు తోమితే పదిహేడు వందల ఏళ్ళుగా పేరుకున్న పచ్చ, గోధుమ పొర పది నిమిషాల్లో పోతుంది. అక్షరాలు నిలబడి ఉన్నది చాలాసార్లు ఆ పొరలోనే. నా మొదటి నాణేన్ని నేను అలాగే చింతపండుతో తోమాను. ఊరి పేరులో నాలుగు అక్షరాలు పోయాయి, ఈరోజుకీ అది ఏ ఊరిదో తేలలేదు. నిమ్మకాయ, వెనిగర్, టూత్‌పేస్ట్, ఇత్తడి పొడులు ఏవీ వద్దు. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో కొన్ని రోజులు నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, మెత్తటి బ్రష్‌తో తాకండి. అంతకు మించి వద్దు.

టెన్షన్ పడాల్సింది ఒక్కదానికే: లేత పచ్చ రంగులో పొడిలా రాలే మచ్చలు. గట్టిగా, నున్నగా ఉన్న ముదురు పచ్చ మంచిదే. వేలితో ముడితే రాలే లేత పచ్చ కంచుకు పట్టే తెగులు, లోపలున్న క్లోరైడ్లు తేమతో కలిసి లోహాన్ని తింటాయి. మీరు విశాఖలో ఉంటారన్నారు కాబట్టి సముద్రపు గాలి విషయంలో జాగ్రత్త. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి, నెలకోసారి పొట్లాలు మార్చండి. మెత్తటి పీవీసీ కవర్లలో మాత్రం పెట్టకండి, అవి కాలం గడిచేకొద్దీ నాణేనికి జిడ్డు పచ్చ పట్టిస్తాయి.

ఇలాంటివి మన నేలలో దొరుకుతాయా అని కింద ఇంకొకరు అడిగారు. తెలుగు ప్రాంతంలో దొరికిన రోమన్ నిధులు, నల్గొండ జిల్లా అక్కెనపల్లిది లాంటివి, వెండి డెనారియస్‌లు, బంగారు నాణేలు. మిరియాలు, నూలు బట్టలు కొనడానికి వచ్చిన సొమ్ము అది. ఎఫెసస్ చిల్లర ఎఫెసస్ చుట్టుపక్కలే చెల్లేది, దాన్ని సముద్రాలు దాటించి తెచ్చుకునేంత ఉపయోగం లేదు. కాబట్టి ఎవరైనా 'మా పొలంలో దొరికింది' అని ఎఫెసస్ కంచు అమ్మజూపితే కొనకండి. టర్కీ యాత్రకు వెళ్ళి శిథిలాల దగ్గర చెయ్యి చాపే మనుషుల దగ్గరా కొనకండి. నకిలీదైతే డబ్బు పోతుంది, అసలుదైతే దాన్ని ఆ దేశం దాటించడం నేరం. మీ వేలం బిల్లు, ఆ పేజీ కాపీ మాత్రం నాణెంతో పాటే దాచండి.

ఈ నాణేలు ఎందుకు ఆగిపోయాయో మీరు అడగలేదు గానీ, మీ నాణెం వయసు దృష్ట్యా చెప్పాలి. గోర్డియన్ తర్వాత పాతికేళ్ళు కూడా గడవకుండానే రోమ్ వెండి నాణెం పేరుకే వెండి అయింది, లోపలంతా రాగి. అసలు నాణెమే అంత చవకబారుదైనప్పుడు, దాని చిల్లర కోసం పదకొండు గ్రాముల కంచు పెట్టడం ఊరికి నష్టం. గల్లియెనస్ కాలంలో, 260ల్లో ఎఫెసస్ వేయడం మానేసింది. అదే దశకంలో గోత్ అనే తెగవాళ్ళు దండెత్తి వచ్చి ఆర్టెమిస్ గుడిని కొల్లగొట్టి తగలబెట్టారు. పంఫీలియాలోని పెర్గే లాంటి ఒకటి రెండు ఊళ్ళు 270ల దాకా లాగాయి.

మీ నాణేన్ని కిటికీ పక్కన పెట్టి, వెలుతురు ఒక పక్క నుంచి పడేలా చూసి ఇంకో రెండు ఫోటోలు తీయండి: ఒకటి అంచుది, ఇంకోటి దేవత ఎడమ చేతి కింద భాగానిది. ఆ జింక పైన అరిగిపోయినట్టున్న చోట ఇంకో రెండు అక్షరాలున్నాయని నా అనుమానం. ఫోటోలు ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.